కట్టించుకోని పన్ను

పన్ను కట్టడానికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ కట్టించుకోలేదు. ఆ తర్వాత, పన్ను కట్టలేదని నా కారు పట్టుకున్నారు.

ఇది రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, మా పల్నాడులో, నాకు జరిగింది. ఎవరికి చెప్పినా, మధ్యలో నువ్వేదో చేసుంటావులే అంటారు. నేను చేసింది కూడా చెబుతాను. దాచుకునేదేం లేదు.

నేను బడికి పోయింది రెండేళ్లు. తెలుగు అక్షరాలు అక్కడ వచ్చినాయి. ఇంగ్లీషు మాత్రం కిరసనాయిలు డబ్బాల మీద, రైలు టిక్కెట్ల మీద చూసి కూడబలుక్కున్నాను. తర్వాత ఒక పాత డిక్షనరీ సంపాదించి, అట్టలు ఊడేదాకా చదివాను. పొట్టకూటికి మాత్రం డ్రైవరు పని. మాచవరం దగ్గర ఒక మోతుబరి గుడ్డ టాపు కారు కొంటే దాన్ని నేనే తోలేవాణ్ణి. ఆయన్ని పెదనాయనా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం కాదు, ఊరి వరస.

యుద్ధంలో పెట్రోలుకు కూపన్లు పెట్టగానే పెదనాయనకు కారంటే విసుగు పుట్టింది.

"ఎద్దయితే గడ్డి లేకపోతే చొప్ప వేస్తాం. దీనికేమో కాగితం చూపించందే మేత లేదంటన్నారు. నాకెందుకురా ఈ పీడ. నువ్వే తోలుకుపో," అన్నాడు.

ఊరికే తోలుకుపొమ్మని కాదు. నాకున్న ఎకరం చేను అమ్మి, ఆ డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆ రోజు నుంచి మా ఇంటికి చేను లేదు, కారే చేను. ఈ ముక్క గుర్తుంచుకుంటే మిగతాదంతా నేను ఎందుకింత పట్టుదలగా రాస్తున్నానో తెలుస్తుంది.

మా వైపు ఎద్దును అమ్మితే కాగితం రాసుకోరు. నలుగురి ఎదుట పలుపుతాడు కొన్నవాడి చేతిలో పెడతారు. అది చేతులు మారిందంటే ఆ ఎద్దు చచ్చినా బతికినా కొన్నవాడిదే. పెదనాయన కారుకూ అదే చేశాడు. కొత్త తాడుకు పసుపు రాసి, ఒక కొస స్టీరింగు చక్రానికి కట్టి, రెండో కొస నా చేతిలో పెట్టి, "ఇక దీని మంచిచెడ్డలు నీయి," అన్నాడు. చావిట్లో పదిమంది చూశారు. కారు రిజిస్ట్రేషను పుస్తకంలో పేరు మార్పించాలని ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు. నా తప్పంటూ ఉంటే అదొక్కటే.

గురజాలలో కారు అద్దెకు పెట్టాను. కోర్టు వాయిదాలకు వచ్చేవాళ్లనూ, నరసరావుపేట ఆసుపత్రికి పోయే రోగుల్నీ తిప్పాను. మూడు నెలలకోసారి గుంటూరు వెళ్లి పన్ను కట్టేవాణ్ణి. పన్ను కట్టినట్టు పెదనాయన పేరు మీద బిళ్ల ఇచ్చేవాళ్లు, తెచ్చి అద్దానికి అంటించేవాణ్ణి. కూపన్లూ ఆయన పేరు మీదే వచ్చేవి. అన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు, నువ్వెవరివయ్యా అని అడగలేదు. డబ్బు తెచ్చినవాడే యజమాని అన్నట్టు జరిగిపోయింది.

యుద్ధం అయిన మరుసటేడు కొత్త రూలు వచ్చింది. మన కారు కింద ఎవరైనా పడితే వాళ్లకు పరిహారం ఇవ్వడానికి ముందే ఇన్సూరెన్సు చేయించి ఉండాలన్నారు. రూలు మంచిదే. చెడ్డదని నేను ఏనాడూ అనలేదు. కాని అలాంటి రూలొకటి వచ్చిందని పన్ను కిటికీ దగ్గర నిలబడ్డాక తెలిసింది.

"ఇన్సూరెన్సు సర్టిఫికెట్టు ఏదీ?" అన్నాడు గుమాస్తా.

"అదెక్కడిస్తారండీ?"

"ఇక్కడ మాత్రం ఇవ్వరు."

అది మొదటిసారి. బజార్లో విచారిస్తే ఒక ఇన్సూరెన్సు ఏజెంటు ఇల్లు చూపించారు. ఆయన మంచి మనిషి, కుర్చీ వేసి మజ్జిగ ఇప్పించాడు. కారు పుస్తకం తిరగేసి, "ఇందులో ఉన్నది మీరేనా?" అన్నాడు. కాదన్నాను. తాడు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు, అందుకు ఇప్పటికీ ఆయనంటే గౌరవం.

"మీ పేరు లేని బండికి మీకు ఇన్సూరెన్సు ఇవ్వరండీ మా కంపెనీవాళ్లు. పేరన్నా మార్పించండి, లేదా పుస్తకంలో ఉన్నాయన చేత దరఖాస్తు మీద సంతకం పెట్టించండి," అన్నాడు.

రెండోసారి గుమాస్తా దగ్గరికి పేరు మార్చి పన్ను కట్టించుకోమని వెళ్లాను. ఈలోగా ఫారం మారిందన్నాడు. పాత ఫారం మీద నేను రాత్రంతా కూర్చుని ఇంగ్లీషులో రాసుకొచ్చింది పక్కన పడేసి, కొత్తది ఇచ్చి, "అమ్మినాయన సంతకం కావాలి. పో," అన్నాడు.

పెదనాయన దగ్గరికి పోయాను. పొగాకు కట్టలు కట్టిస్తున్నాడు. గుమాస్తా ఇచ్చిన ఫారమూ, ఏజెంటు ఇచ్చిన దరఖాస్తూ ముందు పెట్టి, ఏదో ఒకదాని మీద సంతకం చేస్తే చాలన్నాను.

"ఇదేంది?"

"కారు నాకు అమ్మినట్టు కాగితం, పెదనాయనా."

"అమ్మినట్టు ఏందిరా, అమ్మాను. తాడిచ్చాను. ఆ పొద్దు ఉన్నోళ్లు పదిమందీ బతికే ఉన్నారు. ఇప్పుడు కాగితం అడుగుతున్నావంటే నా మాట నీకు చాల్లేదన్నమాట."

"నాకు చాలింది. గుంటూరోళ్లకు చాల్లేదు."

"గుంటూరోళ్లకు నేను అమ్మలేదుగా. ఆ రెండోదేంది?"

"కారు మీదే అని ఇన్సూరెన్సు కోసం..."

ఆయన కాగితం కింద పెట్టాడు. "ఒరేయ్, నాది కానిదాన్ని నాదని సంతకం చేయమంటున్నావా? రేపు నా పిల్లలు ఆ కాగితం చూపించి కారు మాదే అంటే నువ్వు ఎవరికి చెప్పుకుంటావు? అబద్ధం నేను రాయను. పో, అన్నం తినిపో."

అన్నం తిని వచ్చాను. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అదే నా బాధ. గుమాస్తా మాట విన్నా న్యాయంగానే ఉంటుంది, ఏజెంటు మాట విన్నా న్యాయంగానే ఉంటుంది, పెదనాయన మాట సరేసరి. ఇన్ని న్యాయాల నడుమ నా కారు ఒక్కటే అన్యాయంగా నిలబడింది.

మూడోసారి ఊరికే పోయి బతిమాలాను. "అయ్యా, ఎన్నేళ్లుగానో కట్టించుకున్నారు. ఈ ఒక్కసారికి డబ్బు తీసుకోండి, కాగితాలు వెనక తెస్తాను," అన్నాను.

"అప్పటి రూలు వేరు," అన్నాడు గుమాస్తా.

"అప్పుడూ మీరే ఉన్నారుగదండీ."

"నేనే ఉన్నాను. రూలు వేరు. కిటికీకి అడ్డం లే."

బిళ్ల గడువు దాటిపోయింది. కారు ఆపితే పొయ్యి ఆగుతుంది. తోలాను. పిడుగురాళ్ల దాటాక పోలీసులు ఆపారు. వెనక సీట్లో జ్వరంతో ఉన్న ముసలామె, పక్కన ఆమె కోడలు. హెడ్డు కానిస్టేబులు అద్దం మీది బిళ్ల చూసి, లోపలున్న మనిషిని చూసి, "ఆమెను ఆసుపత్రిలో దింపి, బండి నువ్వే తెచ్చి స్టేషన్లో పెట్టు," అన్నాడు. దింపాను. తెచ్చి పెట్టాను. నా చేత్తో నేనే ఇంజను ఆపి తాళం ఇచ్చాను. ఇంకో దారిన ఇంటికి పోవచ్చని అప్పుడు తోచలేదు, తోచినా పోయేవాణ్ణి కాదేమో.

స్టేషను దొడ్లో గోడవార పెట్టించారు. వారానికోసారి చూడబోయేవాణ్ణి. మొదట్లో బానెట్టు మీద దుమ్ము, తర్వాత బానెట్టు మీద ఎండుమిరపకాయలు. ఎవరో కానిస్టేబులు ఇంటివాళ్లు ఆరబోసుకున్నారు. వానాకాలం వచ్చేసరికి టాపు గుడ్డ చివికి సీట్లోకి నీళ్లు దిగినాయి. నరసరావుపేట నుంచి నా పాత మెకానిక్ సాయిబును బతిమాలి తీసుకుపోయాను, ఇంజను ఒకసారి తిప్పి చూడమని. హెడ్డు కానిస్టేబులు చెయ్యి వేయనివ్వలేదు. చూడొచ్చు, ముట్టుకోవద్దన్నాడు. సాయిబు చుట్టూ తిరిగి, వెనక సీటు కింద వంగి చూశాడు.

"అన్నా, ఇందులో కోడి గుడ్లు పొదుగుతోంది. దానికేమన్నా ఇన్సూరెన్సు ఉందేమో కనుక్కో. నీకంటే ముందు అది కదిలేట్టుంది," అన్నాడు.

నేను నవ్వాను. దారిలో ఆయన నవ్వలేదు. "ఇంకో వానాకాలం పోతే రిపేరు మాట మర్చిపో. తూకానికి అమ్ముకోవడమే," అన్నాడు మెల్లగా. నా ఎకరం చేను ఆ దొడ్లో తుప్పు పడుతోంది, నేను గోడ ఇవతల నిలబడి చూస్తున్నాను. ఆ రోజుల్లో పక్కవాళ్ల పొగాకు బళ్లు తోలి ఇల్లు గడిపాను.

ఒకనాడు పెదనాయన ఏదో గట్టు తగాదా మీద స్టేషనుకు వచ్చి, తన కారు మీద మిరపకాయలు చూశాడట. తన కారని నేనంటున్నాను. ఆయన అనలేదు. సాయంత్రానికల్లా బండి కట్టించుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఏదిరా ఆ కాగితం? అమ్మినట్టు రాసింది. ఆ రెండోదాని జోలికి మాత్రం రాను."

కరణం ఎదుట సంతకం చేశాడు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు, తెల్లారి గుంటూరు రైలెక్కాను. గుమాస్తా పెదనాయన సంతకం చూశాడు, కింద సాక్షుల సంతకాలు చూశాడు, బాగుందన్నాడు.

"పేరు మార్చాలంటే పన్ను బాకీ ఉండకూడదు," అన్నాడు.

"అయితే కట్టించుకోండి."

"ఇన్సూరెన్సు?"

"పేరు మారితే గాని వాళ్లు ఇవ్వరు."

ఆయన నా వంక జాలిగానే చూశాడు. "పైకి అర్జీ పెట్టుకో," అన్నాడు.

ఈలోగా స్వరాజ్యం వచ్చింది. మా గురజాలలో కూడా జెండా ఎగరేశారు, పప్పుబెల్లాలు పంచారు. ఇక మనవాళ్లే కదా, వింటారని నమ్మాను. ఆఫీసులో గోడ మీది పటం మారింది. కిటికీ అదే, గుమాస్తా అతనే, రూలూ అదే.

అర్జీలు పెట్టాను, మూడు. పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కొక్క మాట వెతుక్కుని ఇంగ్లీషులో రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. తాడు సంగతి, అన్నేళ్లు నేనే తోలి నేనే పన్ను కట్టిన సంగతి, ఏదీ దాచలేదు. పన్ను కట్టడానికి సిద్ధంగా ఉన్నాను, నా కారు నాకు ఇప్పించండి, ఒక ఇల్లు దీని మీద బతుకుతోంది అని రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోది పోస్టులో పోయిందేమో అనుకున్నాను. మూడోది రిజిస్టరు చేయించాను. రెండో వానాకాలం సగంలో జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి రాస్తున్నాను.

"మీ అర్జీలు మూడును అందినవి. రిజిస్టరు ప్రకారము సదరు వాహనమునకు మీరు యజమాని కారు. కావున దానిని మీకు విడుదల చేయుటకు వీలులేదు. అయితే సదరు వాహనము ఇన్ని సంవత్సరములు మీ స్వాధీనములో నడిచినట్లు మీ అర్జీలో మీరే ఒప్పుకొనియున్నారు. కావున బకాయి పన్నును, దానిపై అపరాధ రుసుమును మీరే చెల్లించవలెను. చెల్లించుటకు వచ్చునపుడు ఇన్సూరెన్సు సర్టిఫికెట్టు వెంట తెచ్చుకొనవలెను."