కొండలరావు దాచుకున్న అరుపు

మా కొండలరావు గొంతు మీరు వినలేదు. ఇక వినలేరు కూడా. ఆ సంగతి గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎవరి మీదో తెలియదు.

పోర్టులో సిగ్నల్ ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. ఓడ అంచున నిలబడి, పైన క్రేన్‌లో కూర్చున్న ఆపరేటరుకి సరుకు ఎప్పుడు దించాలో ఎప్పుడు ఎత్తాలో అరిచి చెప్పడం అతని పని. 'ఆరియా' అంటే దించు, 'హబేస్' అంటే ఎత్తు. ఏ దేశపు మాటలో మాకెవరికీ తెలియదు, ఖలాసీలంతా అవే అంటారు. తర్వాత్తర్వాత వాకీటాకీలిచ్చారు. ఈయన దాన్ని నడుముకి తగిలించుకుని నోటితోనే పని కానిచ్చేవాడు. ఆ గొంతుకి గేటు బయట టీకొట్టులో గ్లాసులదిరేవని చెప్పుకునేవాళ్లు. కోతలే అనుకోండి. అలాంటి కోతలు నా గొంతు గురించి ఒక్కరూ కోయలేదు.

నా పేరు ఉమాశంకర్, స్టీల్‌ప్లాంటులో చేశాను, కూర్మన్నపాలెంలో ఉంటాను. మాలో మూడోవాడు పీర్ మహమ్మద్. పూర్ణా మార్కెట్ వెనక టార్పాలిన్లు కుట్టే దుకాణం వాడిది. పెళ్లిళ్లు కాకముందు నేనూ కొండలరావూ పీర్ వాళ్ల మేడ మీద గదిలో అద్దెకుండేవాళ్లం. అప్పట్నుంచీ తొలకరి పడగానే కిరండూల్ పాసింజరెక్కడం, సొరంగాలన్నీ దాటాక దిగడం, ఒక కొండెక్కడం మా అలవాటు. కొండ పేరు చెప్పను. చెబితే మీరూ బయల్దేరతారు, చిప్స్ ప్యాకెట్లు పారేసి వస్తారు. వీపు సంచులు పీరే కుట్టాడు, టార్పాలిన్‌తో. ఖాళీ సంచే బియ్యం బస్తాలా ఉండేది. అయినా ఎంత బాగుండేవి ఆ రోజులు! అంతా బాగానే ఉండేది గానీ, ఎప్పుడు వెళ్లినా సగం కొండలో వాన అందుకునేది. శిఖరం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

నాలుగేళ్ల కిందట కొండలరావు గొంతులో గడ్డ ఉందన్నారు. గొంతుపెట్టె తీసేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు అన్నాడు డాక్టరు. తేదీ ఇచ్చాడు. అప్పటిదాకా గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నాడు.

"ఓడల కోసం అరిసినాను గానీ నా కోసం నానెప్పుడూ అరవలేదు. కొండ మీదికెక్కి ఒక్క అరుపు అరిసి వచ్చేత్తాను," అన్నాడు వాళ్లావిడతో.

"ఒక్కటే. ఒట్టెయ్యి," అందట వరహాలమ్మ.

అలా బయల్దేరాం. రైల్లో ఒక్క మాట మాట్లాడలేదు మహానుభావుడు. టీ కావాలన్నా చేత్తో సైగే. పొదుపంటే అదీ!

పొద్దున ఎండ కాసింది. సగం ఎక్కేసరికి మబ్బు కొండ మీదికే దిగిపోయింది, వెనకే వాన. పీర్ టార్పాలిన్ కట్టడానికి చోటు చూస్తానని ముందుకెళ్లాడు. చూస్తూండగానే కనపడకుండా పోయాడు. కుడివైపు లోయ. పైనుంచి "ఆఁ..." అని సన్నగా వినిపించింది. నేను కేకేశాను. నా కేక పక్క వీధికే వెళ్లదు, మా ఆవిణ్ణడగండి.

కొండలరావు నా భుజం పట్టి పక్కకి జరిపాడు.

"వద్దురా, నీకున్నది ఒక్కటే!" అన్నాను.

రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "ఆరి...యా!"

దిగిపొమ్మని. కొండంతా మోగింది. నాకు ఏడుపొచ్చింది. పైనుంచి జవాబొచ్చింది, ఇంకాస్త దూరం నుంచి. మళ్లీ అరిచాడు. జవాబు మరింత దూరం జరిగింది. వీడు లోయవైపు పోతున్నాడేమో! కొండలరావు ఆపలేదు. నేను చెయ్యి పట్టుకుని లాగితే విదిలించేశాడు. అరిచి అరిచి ఆఖరికి ఆ గొంతు జీరపోయి, చిరిగి, ఆగిపోయింది.

ఇక చేసేదేముంది, గడ్డి దుబ్బులు పట్టుకుని వాడి కోసం పైకే ఎక్కాం. ఎక్కగా ఎక్కగా ఎక్కడానికి కొండ లేదు. వాన తెరిపిచ్చింది. టార్పాలిన్ కప్పుకుని పీర్ కూర్చునున్నాడు.

"ఏటి బావా, ఎక్కమంటే ఎక్కీసినాను. మీరేటి ఇంతాలీసం?"

"ఎక్కమన్నదెవడ్రా? ఆరియా అంటే దించమని!"

"యా అల్లా! నాను డాక్‌లో పన్జేసినానేటి? గోడవతల్నుంచి ఇన్నాను గానీ... ఎత్తమనుకున్నాను!"

కొండలరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. చప్పుడు లేదు. నవ్వి నవ్వి లేచి, అంచుకి వెళ్లి, కింద తేలుతున్న పచ్చటి లోయకేసి నోరు తెరిచాడు. గాలే వచ్చింది. మళ్లీ ప్రయత్నించాడు. పీర్‌కి అప్పుడర్థమైంది. కొండలరావు కాళ్ల దగ్గర కూలబడి, "నీ అరుపు నానే తినీసినాను బావా," అని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

అంత ఎత్తులో సిగ్నలొచ్చినట్టుంది, నా ఫోన్ మోగింది. వరహాలమ్మ.

"ఎక్కినారా? ఆయనకియ్యి అన్నయ్యా."

స్పీకర్ పెట్టి అతని ముందుంచాను. ఉసూరుమని ఊపిరి తప్ప ఏమీ రాలేదు. ఆవిడ కాసేపు ఆ ఊపిరే విన్నది.

"అరిసీసినాడు గదా. శానాసార్లు."

నేను ఉన్నది చెప్పాను. దాచడానికేముంది?

"పీరన్నయ్య బాగున్నాడా?"

"బాగున్నాడమ్మా."

అటువైపు ముక్కు చీదిన చప్పుడు. "అయితే సరే. రసూల్ బీ వదినకేటి జవాబు సెప్పేవోలం, అన్నయ్యకేటైనా అయితే? గొంతు ఎలాగూ పోయీదే. మీ ముగ్గురూ జాగర్తగా దిగండి, సేపల పులుసు ఎట్టినాను."

కొండలరావు ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆవిడ పెట్టేసిన తర్వాత కూడా చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు.