నాయన దవడ ముందుకొచ్చిన సంవత్సరం

మా నాయన గురక మామూలు గురక కాదు. మామూలు గురకకు ఒక వరస ఉంటుంది, ఇంట్లోవాళ్ళు అలవాటు పడిపోతారు. నాయనది కాసేపు రంపం కోసినట్టు సాగి, ఉన్నట్టుండి ఆగిపోయేది. శబ్దం ఒక్కటే కాదు, ఊపిరి కూడా. అప్పుడు అమ్మ ఆయన భుజం పట్టి కుదిపేది. ఆయన మునిగి తేలినట్టు ఒక్కసారి గాలి పీల్చి, మళ్ళీ కోత మొదలుపెట్టేవాడు. ఏదో ఒక రోజు ఆగిన ఊపిరి మళ్ళీ రాదేమోనని అమ్మకు భయం. అందుకే ఏళ్ళ తరబడి ఆమె కంటి నిండా నిద్రపోయింది లేదు.

తమాషా ఏమంటే, రాత్రంతా పడుకున్న నాయన కూడా నిద్ర చాలక తూగేవాడు. తిరుపతిలో ఒక హైస్కూల్లో సోషల్ అయ్యవారు ఆయన. ఒకసారి పిల్లల్ని చంద్రగిరి కోటకు తీసుకుపోయి, రాజమహల్ ముందు నిలబడి, "అప్పుడు రాయలవారు ఏం చేసినారంటే..." అని నిలబడే నిద్రపోయాడు. రాయలవారు ఏం చేశారో తెలుసుకుందామని పిల్లలు కాసేపు చూశారు. తర్వాత తెచ్చుకున్న పులిహోర తినేశారు.

ఊరంతా వైద్యులే. లావు తగ్గమన్నారు కొందరు. ఆయనేమో వెదురుబద్ద. మిరియాల కషాయాలు తాగించాం. ముక్కు డాక్టరును, గుండె డాక్టరును, చివరికి తాయెత్తు కట్టే ఆయన్ను కూడా చూశాం. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతోందని అమ్మ బనియను వీపున సంచీ కుట్టి, అందులో ఎండిన మామిడి టెంక పెట్టింది. నాయన ఆ టెంక మీదే హాయిగా వెల్లకిలా పడుకున్నాడు. వీపున మచ్చ పడింది తప్ప గురక తగ్గలేదు. ఇన్ని చేశాం గానీ, ఆయన నోరు తెరిచి చూడాలని ఒక్కరికీ తోచలేదు.

నోరు తెరిపించింది పన్ను నొప్పి. పళ్ళ డాక్టరు సూది వేసి, మొద్దుబారేదాకా ఆగమని కుర్చీ వెనక్కి వాల్చాడు. వాలిస్తే చాలదా! నాయన నిద్రపోయాడు, గురక పెట్టాడు, ఊపిరి ఆపాడు. తన సూదికే మనిషి పోయాడనుకుని ఆ కుర్ర డాక్టరు ముఖం సున్నం కొట్టినట్టయింది.

"భయపడొద్దు నాయనా, మాకిది మామూలే" అని అమ్మ స్టూలు మీంచి లేచేలోపే, అతను రెండు చేతులతో కింది దవడ పట్టి ముందుకు లాగాడు. ఊపిరి వచ్చింది. వదిలాడు, ఆగింది. మళ్ళీ లాగాడు, వచ్చింది. భయం పోయి డాక్టరు కళ్ళు మెరిశాయి. కింది దవడ పుట్టుకతోనే చిన్నదిగా, వెనక్కి ఉందనీ, నిద్రలో నాలుక జారి గొంతుకు అడ్డం పడుతోందనీ చెప్పాడు. దవడ ఎముక కోసి ముందుకు జరిపే డాక్టర్లు మద్రాసులో ఉన్నారట.

"గురకకు పళ్ళ డాక్టరా?" అంది అమ్మ. ఇన్నాళ్ళూ తిరిగిన గుమ్మాలన్నీ గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది.

ఇంట్లో జేజి, అంటే నాయనను కన్న తల్లి, ఒప్పుకోలేదు. "దేవుడిచ్చిన దవడను కోసేదేందే? అది మా ఇంటి దవడ. వాళ్ళ నాయనకూ ఇట్నే ఉండె."

"మామ కూడా గురక పెడతా ఉండెనా అత్తా?" అంది అమ్మ.

"పెట్టకేం! వీధి చివరికి వినపడేది. పుణ్యాత్ముడు, ఎవరి చేతా చేయించుకోకుండా నిద్దట్లోనే పోయినాడు."

అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "ఆ పుణ్యం మాకొద్దత్తా" అంది. మర్నాడే మద్రాసు బస్సెక్కాం.

అక్కడి పెద్ద డాక్టరు నాయనను ఆసుపత్రిలో పడుకోబెట్టి, నిద్రలో ఊపిరి ఎట్లా ఆగుతోందో చూశాడు. గురక పెట్టే ప్రతివాడికీ దవడ కోయరనీ, కొందరికి గొంతులో గడ్డలు తీస్తే చాలనీ, నాయనకు మాత్రం ఇదే దారనీ అన్నాడు. అగ్గిపెట్టె సొరుగు ముందుకు లాగి చూపించాడు. రెండు పక్కలా ఎముక కోసి ఇట్లా జరిపితే, దాంతోపాటు నాలుకా ముందుకొచ్చి గాలికి దారి ఇస్తుందట. నాకు తెలిసిన వైద్యమంతా ఇప్పటికీ ఆ అగ్గిపెట్టే.

ఆపరేషను బాగా జరిగింది. ఎముక అతుక్కునేదాకా దవడ కదలకూడదని పైపళ్ళనూ కిందిపళ్ళనూ తీగలతో కలిపి కట్టేశారు. కొన్ని వారాలు మజ్జిగ, చారు, పలచటి రాగి అంబలి, అంతే. వాంతి వస్తే తీగలు వెంటనే తెంపాలని అమ్మ చేతికి చిన్న కత్తెర ఇచ్చారు. ఆమె దాన్ని ఒడిలో పట్టుకునే తిరుగు బస్సెక్కింది.

అవి ఆడికృత్తిక రోజులని మాకు గుర్తులేదు. తిరుత్తణిలో మురుగనికి, అంటే శివుడి కొడుకు సుబ్రహ్మణ్యస్వామికి, కావడి మొక్కు తీర్చుకున్నవాళ్ళు బస్సు నిండా ఎక్కారు. మా వైపు మొక్కుకున్నవాళ్ళు బుగ్గల్లో చిన్న శూలం గుచ్చుకుంటారు, కొందరు నోటికి బీగం వేసుకుని మొక్కు తీరేదాకా మాట్లాడరు. ఒకాయన నాయన పెదాల మధ్య మెరిసే తీగలు చూశాడు.

"అబ్బా! మేము ఒక్క శూలానికే అల్లాడిపోతిమి. ఈ సామి సూడండప్పా, పళ్ళన్నీ కట్టేసుకునుండాడు!"

"పైగా నామాలాయన! నామాలాయన మురుగనికి మొక్కుకునుండాడే!"

నాయన నుదుట నిలువు నామం లేకుండా గడప దాటే మనిషి కాదు. శివుడి గుడి ఎదురైతే వీధి మార్చేవాడు. ఆయన పళ్ళ సందుల్లోంచి ఏదో మూలిగాడు. వాళ్ళకది పూనకం వచ్చినట్టు అనిపించింది. బస్సంతా "అరోహరా!" అని మారుమోగింది. నాకు నవ్వు ఆగలేదు. అమ్మ "ఆపరేషనమ్మా, ఆపరేషను" అంటూనే ఉంది, ఒడిలో కత్తెర పట్టుకుని. నగరిలో దిగేవాళ్ళు ఆయన కాళ్ళకు మొక్కి మరీ దిగారు.

ఆ బస్సులో మా పక్క వీధివాళ్ళు ఉన్నారు కాబోలు. మేం ఇల్లు చేరిన మర్నాటి నుంచీ అరటిపళ్ళు, టెంకాయలు పట్టుకుని జనం. ఒక్క అరటిపండు కూడా నమలలేని స్వామికి అన్ని పళ్ళు! జేజికి కోపం పోయింది. వచ్చినవాళ్ళను తనే వరసలో నిలబెట్టేది.

ఒక మధ్యాహ్నం అన్నం మాడిన వాసన వచ్చి నేను వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ గోడకు జారబడి కూర్చుని అట్లాగే నిద్రపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నాయన అప్పటికే స్టవ్ ఆపి, ఆమె పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. లేపుదామని నేను వంగాను.

"లేపొద్దు" అన్నాడు కట్టేసిన పళ్ళ సందుల్లోంచే.

వాకిట్లో ఒకావిడ గట్టిగా అంది. "అయ్యో, సామి మాట్లాడినాడే! మొక్కు సెడిపాయ!"

నాయన లేచి పోయి తలుపు వేసి వచ్చాడు. మళ్ళీ విసరసాగాడు. వీధిలో అరుపులకు, జేజి తలుపు కొట్టడానికి కూడా అమ్మ కదల్లేదు. నేను ఆమె నిద్ర చూడటం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది.

పొద్దు వాలాక అమ్మ ఉలిక్కిపడింది. కళ్ళింకా తెరవకుండానే చెయ్యి చాపి, నాయన భుజం పట్టి కుదపబోయింది. నాయన ఆ చేతిని పట్టుకుని, తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఊపిరి వస్తా ఉండాది సూడు" అన్నాడు తీగల మధ్య నుంచి. "ఇన్నేండ్లు నువ్వు మేలుకుంటివి. ఇంక పడుకో."

అమ్మ చెయ్యి అక్కడే ఉంచుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది.