ముత్యాలయ్య బావ లారీ ట్యూబు

మా అక్క పేరమ్మ మొగుడు ముత్యాలయ్య నాకు బావ. వాళ్లది పులికాటు ఒడ్డున, చేపలు పట్టి బతికే పట్టపోళ్ల ఊరు. మా అమ్మానాయనలు పోయాక నేనూ అక్కడే, వాళ్ల ఇంటి పక్కనే గుడిసె వేసుకున్నాను. బావ పోయి చాలా కాలమైనా ఊళ్లో ఆయన్ను లారీ ట్యూబు మీద వేటకు పోయి మునిగినవాడిగానే తలుచుకుంటారు. తలుచుకుని నవ్వుతారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండుతుంది. జరిగిందేమిటో వాళ్లకు సగమే తెలుసు. మిగతా సగం ఇప్పుడు చెబుతున్నాను.

సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు లోతు, లాగుడెక్కువ. రొయ్యలు పడేదీ అక్కడే. అందరూ ఒకేసారి అక్కడ వల కడితే తలకాయలు పగులుతాయి కనుక కులపెద్దలు చీట్లు వేసి వంతులు పంచుతారు. ఆ వంతును పాడు అంటారు. వంతు వచ్చిన రోజు ఎవరి వల వాళ్లే కట్టుకోవాలి. అక్కడికి ఎలా పోతాడన్నది వాడి తంటా. వల లేనివాడికి మాత్రం పాడు లేదు. పాడు పోయినవాడు ఇంకొకడి పడవలో కూలికి ఎక్కాలి, కులం కూడిన చోట వెనక కూర్చోవాలి. బావకు ఆ పాడు వాళ్ల నాయన నుంచి వచ్చింది. అదంటే ఆయనకు ప్రాణం.

బావకు అరవై దాటిన కొత్తలో వచ్చిన గాలివాన ఒడ్డునున్న పడవలను ఎత్తి కుదేసింది. బావ పడవ నిలువునా చీలింది. ఆ చెక్కలను అక్క పొయ్యిలో పెట్టడానికి మనసొప్పక చాలా రోజులు గోడవారనే పేర్చి ఉంచింది. వల ఇంట్లో దూలానికి ఉండబట్టి దక్కింది. కానీ వల ఒక్కటే ఉండి ఏం లాభం? వేట రోజున ఎవరి పడవ వాళ్లకు కావాలి. అడిగితే ఇవ్వకపోగా, గడ్డం గీక్కుంటూ ఆకాశం వైపు చూసేవాళ్లు. మా వాళ్ల సంగతి నాకు తెలియనిదా!

బావ ఆలోచనలో పడ్డాడు. ఎండు సొరబుర్రలు నడుముకు కట్టుకుంటే మనిషి తేలతాడు గాని తడి వల బరువుకు ఆగవు. మూతికి మైనం పెట్టిన కుండలు నీళ్లలో వల కట్టే గుంజకు తగిలితే పెంకులే. తెప్పకు మంచి దుంగలు కొనే తాహతు లేదు. అలాంటప్పుడు చిట్టమూరు వైపు ఒక చెరువులో ఎవడో లారీ ట్యూబు మీద కూర్చుని గాలం వేస్తుంటే చూసివచ్చాడు. మరునాడే నన్ను వెంటబెట్టుకుని సూళ్లూరుపేట బయలుదేరాడు.

మద్రాసు రోడ్డు మీద పెంచలయ్య పంచర్ల షాపు. కొత్త ట్యూబు ధర చెప్పగానే బావ దాన్ని ముట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కారు ట్యూబు చవక, కానీ బావ దానిలో కూర్చుంటే ఇరుక్కుపోయి, నేను రెండు చేతులా పట్టి లాగాల్సి వచ్చింది. షాపులో అందరూ నవ్వారు. ఆఖరికి మూలనున్న పాత లారీ ట్యూబొకటి బయటికి వచ్చింది. దానికి అక్కడక్కడా అతుకులు.

"ఇంగ దీనికి ఆయుస్సుండాదా నాయనా?" అని అడిగాడు బావ.

"లారీ కిందకి పనికిరాదు గాని నీళ్లమీదికి బంగారం. చూడు" అంటూ పెంచలయ్య దాన్ని తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. బావ అంతటితో ఊరుకోలేదు. మద్దెల కొట్టినట్టు చుట్టూ కొట్టి విన్నాడు, ప్రతి అతుకునూ గోటితో గీరి చూశాడు, చెవి ఆనించాడు. పిల్లను చూడను పోయినప్పుడు కూడా ఇంత పరీక్షగా చూసి ఉండడని నేను ఎగతాళి చేశాను.

"ఎండలో పడెయ్యబాక. ముల్లు, ఆలిచిప్ప తగలనీబాక. అంతే" అన్నాడు పెంచలయ్య. ఆ మనిషి తనకు తెలిసినదంతా చెప్పాడు. ట్యూబును మా ఇళ్లల్లో ఏం చేస్తారో ఆయనకెలా తెలుస్తుంది?

ఇంటికి తెచ్చాక అక్క దానికి కొత్త పడవకు చేసినట్టే అన్నీ చేసింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. నడుమ కొబ్బరితాడు అల్లి బావకు కూర్చునే చోటు చేసింది కూడా ఆమే. పోతే, అమావాస్యకు పడవలను గట్టెక్కించి చేపనూనె పూయడం మా ఆచారం. నూనె తాగని పడవ నీళ్లలో నిలవదు. అందుకని ప్రతి అమావాస్యకూ అక్క సొరచేప నూనె వెచ్చచేసి, ట్యూబును ఒళ్లో పెట్టుకుని, బిడ్డకు నలుగు పెట్టినట్టు అంతటా రుద్దేది. అతుకుల దగ్గర ఇంకొంచెం ఎక్కువే పట్టించేది. అది నల్లగా నిగనిగలాడుతుంటే బావ మురిసిపోయేవాడు.

ఊళ్లోవాళ్లు రబ్బరు ఓడ వచ్చిందని గేలి చేశారు. చేస్తే చేశారు, బావ వంతు తప్పలేదు. వలను ట్యూబు మీద చుట్టుకుని, చేతులతో తెడ్డేసుకుంటూ మొగ దాకా పోయి కట్టుకుని వచ్చేవాడు. ఆ ఏడు అక్క బుట్ట ఖాళీగా లేదు.

తర్వాత ట్యూబు మెత్తబడింది. ఒకచోట ఉబ్బింది. రబ్బరు ఎండిపోతోందనుకుని అక్క ఇంకా నూనె పట్టించింది.

కార్తీకం ముందు, ఉత్తరపు వాడగాలి తిరిగిన రోజుల్లో బావ వంతు వచ్చింది. మొగ దగ్గర వల సగం కట్టాడో లేదో, ఒక అతుకు ఊడింది. దాని పక్కది కూడా ఊడింది. నేను కూలికి ఎక్కిన పడవ కొంచెం దూరంలోనే ఉంది. బావ ఒక చేత్తో గుంజ పట్టుకుని, రెండో చేత్తో వలను పట్టుకుని ఉన్నాడు. "వల ఇడిచిపెట్టు బావా!" అని నేను గొంతు చించుకున్నాను. విడవలేదు. నీళ్లు నోట్లోకి పోతున్నా విడవలేదు. చివరికి ఆటు లాగినప్పుడు వలే ఆయన చెయ్యి విడిచి సముద్రంలోకి పోయింది. మేము మనిషినీ, చచ్చిన పాములా వేలాడే ట్యూబునూ పడవలోకి లాగాము.

వల పోయింది కనుక పాడూ పోయింది. పెద్దలు గట్టిగా మాట్లాడను కూడా లేదు, ఆయన పేరు వదిలేసి తర్వాతి పేరు పిలిచారు. నేను పిచ్చికోపంతో ఆ ట్యూబు భుజాన వేసుకుని, బావను లాక్కుని సూళ్లూరుపేట పోయాను. పెంచలయ్య గొంతు పట్టుకున్నాను కూడా. అతను విడిపించుకుని, ట్యూబును వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు.

"నూనె పూసినారా దీనికి? అయ్యో, రబ్బరుకు నూనె తగిలితే అతుకు నిలస్తాదా అన్నా? రబ్బరే కుళ్లిపోతాదే!"

 తిరిగి వస్తూ బావ దారిలో కూర్చుండిపోయాడు. "ఈ మాట మీ అక్క చెవిన పడిందంటే నామీద ఒట్టే. అది తట్టుకోలేదురా" అన్నాడు.

ఇంటికి పోగానే అక్క అడిగింది. "వాడు దొంగముండాకొడుకు మే. చచ్చిన ట్యూబు అంటగట్టినాడు" అన్నాడు బావ. ఆ రోజు నుంచి అక్క పెంచలయ్యను తిట్టని పొద్దు లేదు. "నేను నూనె పట్టించబట్టి ఆమాత్రమన్నా నిలిచింది" అనేది. బావ తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. పరాయి పడవల్లో, తనకన్నా చిన్నవాళ్ల కేకలు వింటూ, అలాగే కొన్నేళ్లు గడిపాడు.

ఆ తర్వాత మాల్యాద్రి అనే కుర్రవాడు, కొత్తగా పెళ్లయినవాడు, లారీ ట్యూబు కొన్నాడు. వాడి పెళ్లాం చెంచులక్ష్మి ముచ్చటపడి అక్కను పిలిచింది. ట్యూబుకు పూజ చేసిన చెయ్యి ఊళ్లో ఆమెదొక్కటే కదా. అక్క నూనె వెచ్చచేసి గిన్నెతో పోయింది. బావ, నేనూ వెనకే పోయాము.

"నూనె వొద్దు మే, ఇంటికి పదా" అన్నాడు బావ.

"ఎందుకొద్దు? దీని అతుకులు చూడు. నూనె లేకుంటే ఈ బిడ్డ మునిగిపోడా?"

బావ గిన్నె లాక్కోబోయాడు. అక్క ఇవ్వలేదు. అప్పటికే ఆమె అరచేయి నూనెలో ఉంది. మాల్యాద్రి వంతు మర్నాడే. బావ నావైపు చూశాడు, చెంచులక్ష్మి మెడలోని పసుపుతాడు వైపు చూశాడు.

"రబ్బరుకు నూనె పడదు పేరా. మనది మునిగింది దానికే" అన్నాడు.

అక్క చెయ్యి అలాగే ఆగింది. "ఎప్పుడు తెలిసింది నీకు?" అని మాత్రం అడిగింది.  అక్క అరచేతిని కొంగుకు తుడుచుకుంది. ఇంటికి పోతూ కూడా తుడుచుకుంటూనే ఉంది.

మాల్యాద్రి ట్యూబు చాలాకాలం నిలిచింది. అక్క మళ్లీ పెంచలయ్య పేరెత్తలేదు. ఆ దీపావళికి బావ తానే ఆముదం గోరువెచ్చగా కాచి, ఆమె వెనక పీట వేసుకుని కూర్చున్నాడు. "తలన్నా అంటుకో పేరా. చింపిరిగా అయిపోయినావు" అన్నాడు. అక్క తల పక్కకు తీసుకుంది. బావ అరచేతిలోని నూనె వేళ్ల సందుల్లోంచి కారి నేల మీద పడింది. బతికున్నన్నాళ్లూ అక్క చేతికి గాని, తలకు గాని నూనె తగలనివ్వలేదు.