మేయరుగారికి మా పెద్దమ్మ విన్నపం

అమెరికాకి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఊరి మేయరు తలుచుకుంటే ఊళ్లో జరగని పని ఉండదనేది ఒకటి. నేను మైకు పట్టుకుంటే కరగని గుండె ఉండదనేది రెండోది. (కాలేజీలో ప్రతి వార్షికోత్సవానికీ వందన సమర్పణ నాదే. అప్పటికే జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉండేవారన్న సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు.) ఆ రెండు నమ్మకాలూ న్యూజెర్సీలో ఒకే సాయంత్రం, ఒకే హాల్లో పోయాయి.

మా పెద్దమ్మ అప్పుడు ఆరునెలలు ఉందామని నేనుంటున్న ఊళ్లోనే ఉన్న కూతురింటికి వచ్చింది. పగలంతా అక్కా బావా ఆఫీసుల్లో ఉంటే ఆవిడకి కిటికీయే తోడు. ఎదురుగా పెద్ద రోడ్డు, అవతల పార్కు, పార్కు బెంచీ మీద రోజూ సాయంత్రం ఒక గుజరాతీ పెద్దావిడ. ఇద్దరూ రోడ్డుకి చెరోవైపు నుంచీ చేతులూపుకునేవారు. దాటుదామంటే, మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ సగం రోడ్డుకి చేరేసరికే నడిచేవాళ్ల లైటు ఆరిపోయేది. ఒకసారి అలా కార్ల మధ్య ఇరుక్కుని ఎలాగో బయటపడి ఇంటికొచ్చి, "టికెట్ ముందుకి జరిపించరా, వెళ్లిపోతాను. మనిషి కనబడుతుంది గానీ మాట అందదు, ఇదేం బతుకు" అంది. చిన్నప్పుడు సెలవులన్నీ ఆవిడ కలిపిన ముద్దలు తిని పెరిగినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. "నువ్వుండు పెద్దమ్మా, మేయరుతో నేను మాట్లాడతా" అన్నాను.

టౌన్ మీటింగులో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, మనిషికి మూడు నిమిషాలు. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. నేను మైకు సవరించుకుని, వేదికనలంకరించిన మేయరుగారికి, ఆయన కుడివైపు సభ్యులకి, ఎడమవైపు సభ్యులకి, మూలన కూర్చుని రాసుకుంటున్న క్లర్కుగారికి, విచ్చేసిన పురప్రముఖులకి ఇంగ్లీషులో పేరుపేరునా నమస్కారాలు చెప్పి, ఈ ఊరి గొప్పతనమూ ప్రజాస్వామ్యం గొప్పతనమూ వర్ణించి, "ఇక అసలు విషయానికొస్తే" అన్నాను. ఎదురుగా ఎర్ర లైటు వెలిగింది. టైమైపోయింది, కూర్చోమంది క్లర్కమ్మ. రోడ్డు మధ్యలో పెద్దమ్మ ఎలా నిలబడిపోయిందో నేనూ అలాగే నిలబడిపోయాను.

"అడిగావా?" అంది పెద్దమ్మ.

"ఇంకా లేదు."

"మరి ఇంతసేపూ ఏం చెప్పావురా?"

జవాబు కోసం ఆగకుండా మెల్లగా లేచి తనే మైకు దగ్గరికి వచ్చింది. "రోడ్ బిగ్. లైట్ స్మాల్. ఫ్రెండ్ దేర్" అంటూ చెయ్యి చాపి చూపించింది. (పార్కు ఇంకో దిక్కున ఉంది. అది ఎవరికీ పట్టలేదు.) మేయరు ముందుకి వంగి, ఏ రోడ్డో నన్నడిగి తెలుసుకున్నాడు.

మేయరు చెప్పినది నేను పెద్దమ్మ చెవిలో వేశాను. "ఆ రోడ్డు టౌన్‌ది కాదట, కౌంటీదట, అంటే మన జిల్లాలాంటిది. సిగ్నల్ మార్చే అధికారం ఆయనకి లేదట."

"అయితే ఈయన్ని ఎందుకు ఎన్నుకున్నారో కనుక్కో" అంది.

నేను మాట మార్చబోయాను. ఆవిడ ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పమని ఆయన పట్టుబట్టాడు. చెప్పక తప్పలేదు. ఆయన పెద్దగా నవ్వి, "నా చేతుల్లో లేనివాటి కోసం మీ తరఫున వెళ్లి అడగడానికేనమ్మా" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం కౌంటీ ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటబోయి, ఆవిడతోపాటు తనూ మధ్యలో ఇరుక్కున్నాడు. కార్ల హారన్లు విన్నాక ఇంజనీరుకి వివరించాల్సిన పని పడలేదు. కొన్నాళ్లకి లైటు నిడివి పెరిగింది, పెద్దమ్మ టికెట్ జరపలేదు. బెంచీ మీద ఈవిడ తెలుగులో, ఆవిడ గుజరాతీలో ఎడతెగకుండా చెప్పుకునేవారు. ఏం చెప్పావని ఒకరినొకరు ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు ఆ బెంచీ మీద వాళ్లిద్దరూ లేరు. మోకాళ్ల నొప్పులు నాకు వచ్చాయి. అయినా నేను ఆ రోడ్డు దాటాక కూడా లైటు ఇంకా కాసేపు వెలుగుతూనే ఉంటుంది. అది వృథా పోనీయకుండా నా వందన సమర్పణ లోలోపలే మొదలుపెడతాను. మేయరుగారు, ఇంజనీరుగారు, క్లర్కమ్మ... మొదట్లో పెద్దమ్మ దాకా వచ్చేసరికి ఎర్ర లైటు వెలిగేది. బుద్ధి తెచ్చుకుని, ఈమధ్య పెద్దమ్మతోనే మొదలుపెడుతున్నాను.