గ్రేస్ వైవాలో నా మోకాలు

మొన్న మంగళవారం మా గుంట గ్రేస్ అయిదేళ్ల పీహెచ్‌డీని నా ఎడం మోకాలితో ముంచేయబోయినాను. నవ్వకండి బాబూ! ముందు టీ తాగండి, సెప్తాను.

నాకు మోకాలి నొప్పి అని మీకు తెలుసు కదా. రైల్వే వర్క్‌షాప్‌లో ముప్ఫయ్యేళ్లు ఫిట్టర్‌గా వొంగి లేసిన మోకాలు, ఊరుకుంటదా? దానికి తోడు రక్తం తక్కువుందని డాక్టరు ఐరన్ మాత్రలు కూడా రాసినాడు.

వైవాకి వారం ముందు గ్రేస్ ఇంట్లో ప్రాక్టీస్ మొదలెట్టింది. నేనూ, మా ఆవిడ మరియమ్మా ఆడియన్స్.

"నాన్నా, జీన్ అంటే మన ఒంట్లో కణానికి ఏ పని సెయ్యాలో సెప్పే రాత. జబ్బున్న సోటికి మంచి జీన్ పంపాలి. దాన్ని కంటికి కనపడనంత సిన్న ఇనుప నలకలకి అతికిస్తాం. ఒంట్లోకి ఎక్కించి, బయట అయస్కాంతం పెడితే, ఆ నలకలు జీన్‌ని మోసుకుని అక్కడికే సేరతాయి. మనుషుల దాకా ఇంకా రాలేదులే. నేను గాజు పళ్లెంలో పెంచిన కణాల మీదే సేసినాను."

మరియమ్మ అప్పటికే గుర్రు పెడతంది. నాకు మాత్రం బుర్రలో బల్బు ఎలిగింది. ఇనుమా? అయస్కాంతమా? ఇది మన డిపార్ట్‌మెంటే కదా!

రోజూ ఐరన్ మాత్ర మింగుతున్నాను. ఆ ఇనుము ఒళ్లంతా ఊరికే తిరిగి వేస్ట్ అయిపోతంది. మోకాలి దగ్గర ఓ అయస్కాంతం కట్టేస్తే మొత్తం అక్కడికే రాదా? ఫిట్టర్ ఇంట్లో ఏదీ పారెయ్యడు. మంచం కింద పాత లౌడ్‌స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతం ఉంది, సాసరంత! క్రేప్ బ్యాండేజీతో మోకాలి మీద బిగించేసినాను. గ్రేస్‌కి సెప్పలేదు. నయమయ్యాక సర్‌ప్రైజ్ ఇద్దామని.

"ఏటండీ, మోకాలు అంత వాచిపోయింది?" అంది మరియమ్మ.

"వాపు కాదే. ట్రయల్ రన్."

వైవా రోజు వదులు ప్యాంటు ఏసుకుని, మేముండే ఝపటాపూర్ నుంచి ఆటోలో ముగ్గురం గ్రేస్ కాలేజీకి ఎళ్లినాం. సెమినార్ గదిలో పొడుగాటి ప్లైవుడ్ టేబులు. దాని మూల దగ్గర కలకత్తా నుంచి వచ్చిన ఎగ్జామినరు, పెద్దాయన, కళ్లద్దాలు. నేను ఎనక వరసలో కూకుందామంటే, గైడ్ మేడమ్ ఊరుకోలేదు. "ఆయియే అంకుల్, సామ్నే బైఠియే!" అని తీసుకెళ్లి ఎగ్జామినరు పక్కనే కూకోబెట్టింది. ముందు సీటు ఇస్తానంటే రైల్వేవోడు వద్దంటాడా? మోకాళ్లు టేబులు కిందకి తోసి, దర్జాగా కూకున్నాను.

గ్రేస్ గడగడా సెప్పింది. ఆఖర్న నల్లటి నీళ్లున్న సిన్న సీసా తెచ్చి మా ఇద్దరి ముందూ పెట్టింది.

"సార్, ఇందులో జీన్ లేదు, ఉత్త నలకలే. అయస్కాంతం ఎటుంటే అటే వస్తాయి, సూడండి" అని కుడి పక్క అయస్కాంతం ఆనించింది.

రాలేదు! నలుపంతా అడుక్కి దిగిపోయి, గోరింటాకు ముద్దలాగ కూకుంది. గ్రేస్ సీసా తట్టింది. అయస్కాంతం ఎడం పక్క పెట్టింది. ఊఁహూఁ! పిల్ల మొహం పాలిపోయింది.

"కీ హోలో, మా?" అన్నాడు పెద్దాయన. ఏమైందమ్మా అని.

సరిగ్గా సూద్దామని కొంచెం అటు జరిగినాను. సీసాలో ముద్ద అటు జరిగింది. ఇటు జరిగినాను. ఇటే వచ్చింది! ఓరి నాయనో! దాన్ని లాగుతున్నది నేనే, టేబులు కింద నుంచి!

గప్‌చుప్‌గా బయటికి జారుకుందామని లేసినాను. 'టప్!' మోకాలు ఎళ్లి టేబులు ఇనప కాలుకి అతుక్కుంది. గట్టిగా లాగినాను. టేబులు కిర్రుమని నాతో వచ్చేసింది! టీ కప్పులు దొర్లినాయి, బిస్కట్లు కింద పడ్డాయి, పెద్దాయన ఒళ్లో టీ! సీసాని గ్రేస్ గబుక్కున పట్టుకుంది. గదంతా నా మోకాలినే సూస్తంది.

"నాన్నా," అంది నెమ్మదిగా, "ప్యాంటు పైకెత్తు."

అయిదుగురు ప్రొఫెసర్ల ముందు! ఎత్తినాను. ఐరన్ మాత్ర, లౌడ్‌స్పీకరు, అంతా ఒప్పేసుకున్నాను. ఎనక మరియమ్మ మొహానికి చెంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల అయిదేళ్ల కష్టం నా వల్లే పోయిందని నాకు ఏడుపొచ్చేసింది.

పెద్దాయన మాత్రం పొట్ట పట్టుకుని నవ్వినాడు. లాల్చీ తుడుసుకుంటా గ్రేస్‌ని అడిగినాడు.

"మరి నీ సిద్ధాంతం ప్రకారం మీ నాన్నగారి మోకాలు ఎందుకు బాగుపడలేదమ్మా?"

"మాత్రలో ఇనుము రక్తంలో కలిసిపోయాక అయస్కాంతం దాన్ని లాగలేదు సార్. లాగినా దాని మీద జీన్ ఏదీ? ఖాళీ వ్యాగన్లు స్టేషన్‌కి చేరితే సరుకు దిగదు కదా."

"రోగి ఇలాగే ఇంకో అయస్కాంతం కట్టుకుని వస్తే?"

గ్రేస్ నా వంక ఓ సూపు సూసింది. "మందు అటే పోతుంది సార్. ఇప్పుడే చూశారు కదా."

పాసయిపోయింది బాబూ! ఈ సంగతి థీసిస్‌లో ఎక్కించమని ఒక్క కరెక్షన్ రాసినాడంతే. నేను అక్కడే, ఆ బిస్కట్ ముక్కల మధ్యే, భోరుమన్నాను.

నిన్న అచ్చయిన థీసిస్ ఇంటికి తెచ్చింది. మొదటి పేజీలో వాళ్లమ్మకి అంకితం. రెండో పేజీలో గైడ్ మేడమ్‌కి, స్నేహితులకి, క్యాంటీన్ దీదీకి కూడా థాంక్స్.

"మరి నేనేటి, ఎక్కడా లేను?" అన్నాను.

"ఎందుకు లేవు నాన్నా? నూట పన్నెండో పేజీ సూడు."

కళ్లద్దాలు పెట్టుకుని గబగబా తిప్పినాను. నిజంగానే ఉన్నాను. పైన పెద్దక్షరాల్లో హెడ్డింగు, 'ఈ పద్ధతిలో ఉన్న లోపాలు'. కింద నంబర్ వన్ నేనే!