బాపు మెల్లగా అడిగిన రోజు

మా చిన్నప్పుడు... తంగళ్ళపల్లిలో మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏదీ మెత్తగా అడిగేవాళ్లు కాదు. అరిచేవాళ్లు. బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. పొద్దంతా ఆ మరమగ్గాల మోతలో పక్కవాడికి వినిపించాలంటే ఒక్కటే మాట, అదీ గొంతు చించుకుని చెప్పాలి. ఇంటికొచ్చినా అదే అలవాటు... “నీళ్లు” అనీ “తువ్వాల” అనీ, అంతే.

మా వాడకట్టులో అన్ని ఇళ్లూ అలాగే ఉండేవి. కొత్త చుట్టాలు కొట్లాట అనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు.

తొమ్మిదో తరగతిలో మా ఇంగ్లీషు సారు అడిగే పద్ధతులు చెప్పాడు. తోటివాళ్లనైతే ‘కెన్ యూ’ అనొచ్చట. పెద్దవాళ్లను ‘కుడ్ యూ’ అనాలట. ఎదుటివాళ్లకు ఇబ్బందేమో అనిపిస్తే ‘వుడ్ యూ మైండ్’... అంత మెత్తగా అడిగితే వాళ్లు కాదనడానికీ వీలుంటుందన్నాడు. నాకు భలే నచ్చింది. అవే పలుకుతూ ఇల్లంతా తిరిగేదాన్ని, అమ్మ కసిరేదాకా.

ఆ వారమే దాని మీద పరీక్ష. ఆ పొద్దున బాపు పనికి పోలేదు. చాలా రోజులుగా దగ్గు. వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

“బిడ్డా... జర దవాఖానకు నా ఎంబడి వస్తవా? నీకు పనేమన్న ఉంటె వద్దు తియ్.”

బాపు గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. గాభరా పడాలి కదా... పడలేదు. అంత మెల్లగా అడిగాడంటే పెద్ద పనేం కాదనుకున్నాను. నిజంగా అవసరమైతే అరిచేవాడే కదా అనుకున్నాను. పరీక్ష ఉంది బాపూ అన్నాను.

“గట్లనా... పో మరి” అన్నాడు.

సాయంత్రం తిరిగొచ్చి, మంచిగనే ఉందన్నారని చెప్పాడు. మేం నమ్మాం. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ కాగితం ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. బాపుకు చదువు రాదు.

మళ్లీ నన్ను అడగలేదు. ఎవర్నీ అడగలేదు. చలికాలానికి మంచం పట్టాడు. అప్పుడు తీసుకుపోతే ఆలస్యమైందన్నారు. ఉగాది చూడలేదు.

ఆయన పోయాక తోటి పనివాడొకాయన చెప్పాడు. ఆ రోజు బాపును దవాఖానలో చూశాడట. ఏ చీటీ ఏ గదిలో ఇవ్వాలో తెలియక, అడగడానికి మొహమాటపడి, మధ్యాహ్నం దాకా ఒకే వరుసలో నిలబడ్డాడట... అది కళ్లు చూపించుకునేవాళ్ల వరుస. డాక్టరును కలవకుండానే ఇంటికొచ్చాడు. అది విన్నప్పటినుంచి నా మీద నాకే అసహ్యం.

ఇప్పుడు నాకు జగిత్యాలలో ఉద్యోగం. మా వాడకట్టులో సాంచాలు సగం ఆగిపోయాయి, అరుపులూ తగ్గాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. దవాఖానకు పోయొచ్చిన సంగతి వారం తర్వాత ఎవరో చెబితే తెలుస్తుంది. నాకెందుకు చెప్పలేదంటే, “నీకు పనుంటది గద బిడ్డా” అంటుంది.

మీ ఇంట్లో కూడా ఏదో ఒకరోజు ఎవరో మెల్లగా అడిగే ఉంటారు... వాళ్ల వెంట వెళ్లినవాళ్లుంటే రాయండి. చదువుకుంటాను.