బాణాలు చెరిపే మేడమ్

రెండువేల నాలుగైదు ప్రాంతంలో కృష్ణగిరి కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మేడమ్, బోర్డు మీద బాణాలతో గీసిన పాఠాన్ని ఒక్కో బాణంగా చెరిపేది. క్రిమి దూరగానే కణంలో ఒక ప్రోటీన్ ఇంకోదాన్ని మేల్కొలుపుతూ పోయే వరుస అది.

"చెరపడమూ పాఠమేనప్పా. పని అయినాక ఆ ప్రోటీన్లను కణమే ముక్కలు చేసేస్తాది. లేకపోతే క్రిమి చచ్చినా వాపు ఆగదు, మన ఒళ్ళే చెడిపోతాది," అనేది.

పరీక్షలో వచ్చేది మేల్కొలపడమే కాబట్టి నేనది రాసుకోలేదు.

ఆమె అడవిలో పురుగులు చూసుకొని జవళగిరిలో మా ఇంటికొచ్చిన సాయంత్రమే రాగిచేలో ఏనుగులు పడ్డాయి. ఊరంతా డబ్బాలు కొట్టి, టపాకాయలు కాల్చి వాటిని అడవిలోకి తోలింది.

"పోయినాయి కదప్పా, ఇంక ఆపండి," అంది మేడమ్ మా నాయనతో.

"ఇంగా రెండు కాల్చినామంటే మళ్ళా ఈడికి రావమ్మా," అన్నాడు నాయన.

ఆ రెండోది ఎగిరి మా గడ్డివామి మీద పడింది. ఏనుగులు తిన్నది చేలో ఒక మూల. మేము కాల్చుకున్నది ఆవుల ఏడాది మేత.

సోమవారం మేడమ్ మళ్ళీ ఆ బాణాలన్నీ గీసింది. డస్టర్ నా చేతికిచ్చింది.